తొమ్మిది సీసాలూ బల్ల మీద పెట్టించిన డాక్టరు

ప్రశ్న:

డాక్టరు గారికి నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. రెండు నెలల క్రితం గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, అటార్వాస్టాటిన్, ఒక బీపీ మాత్ర వాడుతున్నారు. ఈమధ్య తెలిసినవాళ్లు చెబితే ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనా ఫిజీషియనే, కానీ జన్యువుల్ని చదివే జీనోమిక్స్, వైద్య వివరాల్ని కంప్యూటర్లో నడిపే హెల్త్ ఇన్ఫర్మాటిక్స్, మామూలు వైద్యానికి వేరే పద్ధతుల్ని జోడించే ఇంటిగ్రేటివ్ మెడిసిన్ మూడూ కలిపి చూస్తానంటారు. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మన్నారు. తీసుకెళ్తే తొమ్మిది సీసాలు తేలాయి. నాన్నగారు ఎవరికీ చెప్పకుండా ఎసిడిటీకి ఒమెప్రజోల్, పసుపు సారం క్యాప్సూల్స్, కొలెస్ట్రాల్‌కి 'సహజమైనవి' అని రెడ్ ఈస్ట్ రైస్ మాత్రలు, జుట్టుకి బయోటిన్ వాడుతున్నారని నాకు అక్కడే తెలిసింది. ఒక సీసాకైతే లేబులే లేదు. డాక్టరు గంటసేపు కూర్చుని అన్నీ కంప్యూటర్లో ఎక్కించి, క్లోపిడోగ్రెల్ కోసం ఒక జన్యుపరీక్ష చేయిద్దామన్నారు. బయటికి వచ్చాక అక్కడి సిబ్బంది, ఏ ఆహారం పడుతుందో జన్యువుల్ని బట్టి చెప్పే ప్యాకేజీ కూడా ఉంది తీసుకోండి అన్నారు. ఇదంతా వ్యాపారం అంటాడు అన్నయ్య. నాన్నగారేమో ఇక ఇంగ్లిష్ మందులు మానేయొచ్చని ఆశపడుతున్నారు. నాకు ఒకటే టెన్షన్. ఇలా మూడూ కలిపిన వైద్యం అసలు ఉందా? పరీక్షలు చేయించాలా? గుండె డాక్టరుని మార్చేయాలా?

— ఒక కూతురు

సమాధానం:

అమ్మా,

మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, అది రేపటిదాకా ఆగేది కాదు. నాన్నగారి క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ ఒక్క పూట కూడా ఆపనివ్వకండి. స్టెంట్ అంటే రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని లోహపు జాలీ గొట్టం. దాని మీద శరీరం తన సొంత పొర పరుచుకునేదాకా అది రక్తానికి పరాయి వస్తువే. ప్లేట్‌లెట్లు వచ్చి దాన్ని అంటుకుని గడ్డకట్టాలనే చూస్తాయి. అలా కాకుండా ఆపడానికే గుండెపోటుకి స్టెంట్ వేసినవాళ్లకి మామూలుగా ఏడాదిపాటు ఈ రెండు మాత్రలూ కలిపి ఇస్తారు. నాన్నగారికి ఇంకా రెండు నెలలే అయింది. ఆపాలన్నా మార్చాలన్నా ఆ మాట గుండె డాక్టరు నోటి నుంచే రావాలి. కొత్త డాక్టరు ఎంత మంచివారైనా పాత డాక్టరుని వదలకండి. నాన్నగారి ఆశ నాకు తెలియనిది కాదు. రోజూ గుప్పెడు మాత్రలు మింగే మనిషికి "ఇక అక్కర్లేదు" అన్న మాట ఎంత తీపిగా ఉంటుందో ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను. అయినా ఈ రెండు మాత్రల దగ్గర మాత్రం ఆ ఆశకి లొంగవద్దని ఆయనకి నా మాటగా చెప్పండి.

ఇక మీ అన్నయ్య అనుమానం. అందులో సగం సరైనదే. ఏ సగమో తేలాలంటే మళ్లీ ఆ తొమ్మిది సీసాల దగ్గరికే వెళ్లాలి.

క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు ఇంకా మందు కాదు. లివర్‌లోకి వెళ్లి మారితేనే మందవుతుంది. మింగినదాంట్లో దాదాపు 85 శాతం పనికిరాకుండా విరిగిపోతుంది. మిగిలిన ఆ కాస్తనీ రెండు మెట్లలో పనిచేసే రూపానికి తెచ్చే ఎంజైముల్లో ముఖ్యమైనది సీవైపీ2సీ19. దీని జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. రెండూ పనిచేయని రకాలే అయితే మాత్ర రోజూ వేళకి వేసుకున్నా లోపల జరగాల్సిన పని సరిగ్గా జరగదు. స్టెంట్‌లో గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇలాంటివాళ్లు ఐరోపా మూలాలవారిలో నూటికి ఇద్దరు ముగ్గురుంటే, తూర్పు ఆసియా మూలాలవారిలో నూటికి పదిమందిని దాటుతారు. ఒక్క జన్యువు మాత్రమే మందగించినవాళ్లు ఇంకా చాలా ఎక్కువ. 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మాత్ర పెట్టె మీదికి ఇదే విషయమై తన అతి గట్టి హెచ్చరికని ఎక్కించింది. టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్ లాంటి మందులు ఈ ఎంజైము మీద ఇలా ఆధారపడవు. వాటితో వచ్చే ఇబ్బందులు వేరు, రక్తస్రావం వాటిలో పెద్దది. కాబట్టి ఎవరికి ఏది అన్నది గుండె డాక్టరు తూచి చెప్పాలి. పరీక్ష ఫలితం వస్తే ఆ తూకంలో ఒక గట్టి రాయి చేరుతుంది. అందుకే నాన్నగారి విషయంలో ఆ డాక్టరు అడిగిన జన్యుపరీక్ష అర్థమున్నదే. దాని జవాబుతో మార్చడానికి ఒక మందు ఉంది, మార్చగల డాక్టరూ ఉన్నాడు.

ఇప్పుడు ఒమెప్రజోల్ సీసా పట్టుకోండి. ఈ మాత్ర కూడా అదే సీవైపీ2సీ19 మీద పనిచేసి దాన్ని నెమ్మదింపజేస్తుంది. అంటే నాన్నగారి జన్యువులు రెండూ చక్కగా ఉన్నా సరే, ఈ మాత్ర వేసుకున్నంతకాలం ఆయన లివర్ జన్యులోపం ఉన్నవాళ్ల లివర్‌లా నడవొచ్చు. క్లోపిడోగ్రెల్, ఒమెప్రజోల్ కలిపి వాడొద్దని కూడా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కడుపులో మంటకి వేరే మాత్రలు ఉన్నాయి. పాంటొప్రజోల్ ఈ ఎంజైము జోలికి తక్కువగా పోతుంది. రేపే గుండె డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. ఊరికే ఆపేస్తే మాత్రం కడుపులో రక్తస్రావం కాకుండా ఉన్న రక్షణ పోవచ్చు, ఎందుకంటే ఆస్పిరిన్ కూడా నడుస్తోంది.

ఈ ఒక్క సీసా దగ్గర కాస్త ఆగుదాం, మీ ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. జన్యుపరీక్ష ఒక్కటే చేయించి ఉంటే "నార్మల్" అని వచ్చి ఉండొచ్చు, అందరూ నిశ్చింతగా ఉండేవారు. ఆసుపత్రి కంప్యూటర్లో చూస్తే ఒమెప్రజోల్ పేరే ఉండదు, నాన్నగారు దాన్ని ఎవరి చీటీ లేకుండా కొనుక్కున్నారు కదా. సప్లిమెంట్ల గురించి ఓపిగ్గా అడిగే వైద్యుడికి సీసా కనిపించినా, ఈ జన్యువు సంగతి తెలియకపోతే దాన్ని పక్కన పెట్టేసేవాడు. మూడు చదువులూ కలిస్తేనే ఈ చిన్న సీసా ప్రమాదంగా కనిపిస్తుంది. ఈ మూడింటినీ కలపడం అంటే నా లెక్కలో ఇదే. రోగి ఒంట్లోకి వెళ్లే ప్రతిదీ ఒకే జాబితాలోకి రావాలి, ఆ జాబితా పక్కన అతని జన్యువులు ఉండాలి, రెండిటినీ కలిపి చదివే మనిషి ఉండాలి. ఆ డాక్టరు గంటసేపు చేసిన పని అదే. మీ నాన్నగారికి ఇప్పటిదాకా ఎవరూ చేయని పని అది.

బయోటిన్ దగ్గరికి వద్దాం. చాలా ల్యాబుల్లో కొన్ని రక్తపరీక్షలు బయోటిన్‌ని ఒక జిగురులా వాడుకుంటాయి. రక్తంలోనే అది ఎక్కువగా తిరుగుతుంటే ఆ జిగురు పని చెడి ఫలితం తప్పుతుంది. ఒకసారి నా దగ్గరికి ముప్పై దాటిన ఒకామె థైరాయిడ్ రిపోర్టుతో వచ్చింది. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 బాగా ఎక్కువ. కాగితం ప్రకారం థైరాయిడ్ రెచ్చిపోయి ఉంది. చేతులు చాపమన్నాను, వేళ్లు వణకలేదు. నాడి 72. బరువు తగ్గలేదు. మనసులో ఏదో తేడా కొడుతున్నా కాగితాన్నే నమ్మి చీటీ మీద మందు పేరు సగం రాశాను. ఆమె కళ్లద్దాల కోసం బ్యాగు వెతుకుతుంటే చిన్న గులాబీ డబ్బా ఒకటి జారి నేల మీద దొర్లింది. వంగి తీసి చూశాను. బయోటిన్, 10 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకి చాలేది 30 మైక్రోగ్రాములు. అంటే మూడు వందల రెట్లకి పైమాటే. "మందులేమైనా వాడుతున్నారా అంటే లేవన్నారు కదమ్మా" అన్నాను. "అది మందు కాదు కదండీ, విటమిన్" అంది. వారం ఆపించి మళ్లీ పరీక్ష చేయిస్తే అన్నీ మామూలుగా వచ్చాయి. సగం రాసిన ఆ చీటీ నాకు ఇప్పటికీ గుర్తే. ఆరోజు నుంచి "మందులు వాడుతున్నారా" అని అడగడం మానేశాను. "పొద్దున లేచింది మొదలు ఏమేం మింగుతారు" అని అడుగుతున్నాను.

నాన్నగారి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. గుండెపోటుని పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా కొన్ని యంత్రాల మీద బయోటిన్ వల్ల తప్పుగా తక్కువ చూపిస్తుంది. 2017లో ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇస్తూ, అలా తక్కువ చూపిన కేసులో ఒక రోగి చనిపోయినట్టు చెప్పింది. రేపు ఏ అర్ధరాత్రో ఛాతీలో నొప్పి అంటే ఎమర్జెన్సీలో తీసే మొదటి రక్తం ఆ పరీక్షకే పోతుంది. బయోటిన్ ఈరోజే పక్కన పెట్టించండి. ఆపినందువల్ల ఏ నష్టమూ లేదు.

రెడ్ ఈస్ట్ రైస్ సంగతి త్వరగా చెప్పేస్తాను. అందులో కొలెస్ట్రాల్ తగ్గించే పదార్థం మొనకోలిన్ కె. అది, 1987లో మందుగా వచ్చిన లోవాస్టాటిన్, రెండూ ఒకే అణువు. కొలెస్ట్రాల్ తగ్గించే ఇలాంటి మందుల్ని స్టాటిన్లు అంటారు, ఆయన వాడే అటార్వాస్టాటిన్ కూడా అదే కోవది. అంటే నాన్నగారు ఒక స్టాటిన్ మీద ఇంకో స్టాటిన్ వేసుకుంటున్నారు, రెండోదాని మోతాదు ఎంతో ఎవరికీ తెలియకుండా. కండరాలు దెబ్బతినే దారి ఇది. ఈమధ్య కాళ్ల నొప్పులు, నీరసం, మూత్రం ముదురు రంగులో రావడం లాంటివి ఉన్నాయేమో అడగండి. ఉంటే అదే రోజు డాక్టరుకి చెప్పండి.

పసుపు సారం మీద మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీరడిగిన మూడు శాస్త్రాలూ నిజంగా కలిసి ఒక విషయాన్ని బయటపెట్టిన సందర్భం ఇది. మందుల వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్ల వివరాలు ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో సేకరించి దాచుకునే వైద్యుల బృందం అమెరికాలో ఒకటుంది. ఆ రికార్డుల్లోంచి పసుపు క్యాప్సూల్స్ వల్లే లివర్ పాడైందని తేలిన పదిమందిని 2022లో విడిగా చూశారు. పదిమందిలో ఏడుగురికి హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే ఒకే రకం జన్యువు ఉంది. గ్రీన్ టీ సారంతో లివర్ చెడినవాళ్లలో కూడా అంతకుముందు ఇదే రకం కనిపించింది. ఎవరి సీసాలో ఏముందో అడిగి రాసుకోవడం, దాన్ని వెతకడానికి వీలుగా దాచడం, జన్యువు చదవడం, ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఇది తెలిసేది కాదు. దీన్ని పట్టుకుని జన్యుపరీక్షకి పరిగెత్తనక్కర్లేదు. ఆ జన్యువు ఉన్నవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. పసుపు తినేవాళ్లంతా భయపడాల్సిందీ లేదు. ఇక్కడ మాట గాఢమైన సారం గురించి, అందులోనూ బాగా ఒంటబట్టాలని మిరియాల సారం కలిపిన వాటి గురించి. రక్తం పలచబడే మాత్రలు రెండు వాడుతున్న మనిషికి ఆ క్యాప్సూల్‌తో వచ్చే లాభం కన్నా లివర్‌కీ రక్తస్రావానికీ ఉన్న అనుమానమే పెద్దది. నేనైతే ఆపమంటాను.

ఇలా కలిపి చూసే వైద్యం అసలు ఉందా అన్నారు. ఉంది, మొదలై చాలాకాలమైంది. మనిషి మనిషికీ శరీరంలోని రసాయనం వేరుగా ఉంటుందని ఆర్చిబాల్డ్ గ్యారోడ్ అనే ఇంగ్లండ్ వైద్యుడు 1902లోనే రాశాడు, అప్పటికి 'జీన్' అన్న మాటే పుట్టలేదు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ వైద్య కేంద్రం 2010 నుంచి రోగుల జన్యు ఫలితాల్ని ముందే రికార్డులో పెట్టి, డాక్టరు మందు రాసే క్షణంలో కంప్యూటరే హెచ్చరించే పద్ధతి నడిపింది. ఐరోపాలో ఏడు దేశాల్లో దాదాపు 7,000 మంది మీద 12 జన్యువులు చూసి మందులిచ్చిన పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. మందుల దుష్ఫలితాలు సుమారు 30 శాతం తగ్గాయి. ఇంటిగ్రేటివ్ వైపు చూస్తే, నడుంనొప్పికి మాత్రల కన్నా ముందు యోగా, ఆక్యుపంక్చర్, మైండ్‌ఫుల్‌నెస్ లాంటివి చూడమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లోనే డాక్టర్లకి చెప్పింది. అసలైన ఇంటిగ్రేటివ్ మెడిసిన్ మందు మాన్పించి చెట్టు వేరు చేతిలో పెట్టదు. నిలబడ్డ వైద్యం పక్కన, పరీక్షకి నిలిచిన వేరే పద్ధతుల్ని చేరుస్తుంది. పరీక్షకి నిలవనివాటిని తీసేయడం కూడా దాని పనే. నాన్నగారి బల్ల మీద ఆ తీసేసే పనే ఎక్కువ ఉంది.

ఒక్క మనిషికి మూడూ లోతుగా వస్తాయా అంటే, నేను అనుకోను. ఒకదాంట్లో లోతు, మిగతా రెండింట్లో సరైన ప్రశ్న అడగగల జ్ఞానం, ఇంతే ఉంటుంది, అది చాలు కూడా. కాబట్టి ఆయన ఎవరితో కలిసి పనిచేస్తున్నారో అడగండి. జన్యు ఫలితాలు వివరించే జెనెటిక్ కౌన్సెలర్ ఉన్నారా? తను చూసినవన్నీ గుండె డాక్టరుకి రాసి పంపుతారా? ఈ రెండో ప్రశ్నకి "అక్కర్లేదు" అని జవాబొస్తే లేచి వచ్చేయండి. ఇంకొకటి, సప్లిమెంట్లు ఆయనే అమ్ముతున్నారా అన్నది కూడా చూడండి. రాసే చేయి, అమ్మే చేయి ఒకటే అయితే ఎంత మంచివాడి తూకమైనా ఒక పక్కకి వంగుతుంది.

ఆ ఆహారపు ప్యాకేజీ మాత్రం వద్దు. మీ అన్నయ్య అనుమానం సరైనదన్న సగం ఇదే. 2006లో అమెరికా చట్టసభ తనిఖీ సంస్థ ఇలాంటి పరీక్షలమ్మే వాళ్ల దగ్గరికి 14 మంది కల్పిత కస్టమర్ల పేర్లతో నమూనాలు పంపింది. నిజానికి ఆ డీఎన్‌ఏ అంతా ఇద్దరిదే. ఒకరు తొమ్మిది నెలల పాప, ఇంకొకరు 48 ఏళ్ల మగమనిషి. వచ్చిన సలహాలు ఫారంలో నింపిన అలవాట్లని బట్టి మారాయి. పొగ తాగుతానని రాస్తే మానేయమన్నారు. అదంతా పాత కథ అనుకుంటే 2018లో ఇంకొకటి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని ఏడాదిపాటు కొందర్ని కొవ్వు తక్కువ, కొందర్ని పిండిపదార్థం తక్కువ ఆహారం మీద ఉంచారు. ఎవరి జన్యువుకి ఏది పడుతుందో ముందే చెప్పగలమా అని చూశారు. చెప్పలేకపోయారు. ప్యాకేజీలో ఎమ్‌టీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే జన్యువు పేరు కనిపించి "మీకు లోపం ఉంది, ఈ విటమిన్లు వాడాలి" అంటే అసలే నమ్మకండి. గడ్డకట్టే జబ్బుల కోసం ఆ పరీక్ష అడగొద్దని అమెరికాలోని వైద్య జన్యుశాస్త్ర నిపుణుల సంఘం 2013లోనే తన డాక్టర్లకి చెప్పింది. ఏ పరీక్ష ఎదురైనా ఒక్క ప్రశ్న అడగండి: "ఫలితం ఇలా వస్తే ఏం మారుస్తారు, అలా వస్తే ఏం మారుస్తారు?" రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ పరీక్ష అక్కర్లేదు.

క్లోపిడోగ్రెల్ పరీక్ష చేయిస్తే ఫలితం కాగితాన్ని జాగ్రత్తగా ఉంచండి. రక్తంలో షుగర్‌లా ఇది మారదు, జీవితాంతం అదే. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులకి కూడా ఇదే జన్యువు లెక్కలోకి వస్తుంది. చాలాచోట్ల జరిగే తప్పు ఏమిటంటే రిపోర్టుని స్కాన్ చేసి ఫొటోలా ఎక్కించేస్తారు. మనిషి తెరిచి చదివితే తప్ప కంప్యూటర్‌కి అందులో ఏముందో తెలియదు. అయిదేళ్ల తర్వాత ఇంకో డాక్టరు మందు రాసేటప్పుడు ఏ హెచ్చరికా రాదు. "ఇది ఎలర్జీల పక్కన, కంప్యూటర్ చదవగలిగేలా ఎక్కిస్తారా" అని అడగండి. ఆయన ఇన్ఫర్మాటిక్స్ తెలిసినవారైతే ఆ ప్రశ్నకి సంతోషిస్తారు. అడిగిన ఒక్క జన్యువు చదివిస్తే చాలు, మొత్తం జీనోమ్ ఇప్పుడు అక్కర్లేదు. మొత్తం చదివితే అర్థం తేలని మార్పులు బోలెడు బయటపడి కొత్త భయాలు మొదలవుతాయి. పైగా నాన్నగారి జన్యువుల్లో సగం మీకూ వచ్చాయి, అలాగే సగం మీ అన్నయ్యకీ వచ్చాయి, కాబట్టి మీ ఇద్దర్నీ అడగకుండా అది చేయకూడదు. ఆ సమాచారం ఎక్కడ దాస్తారో, ఎవరికి ఇస్తారో రాతలో తీసుకోండి. 2023లో ఇలాంటి ఒక పెద్ద కంపెనీ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతిలో పడ్డాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, జన్యువుని మార్చుకోలేం.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఆయన్ని తప్పుపట్టకండి. దాచి వాడారంటే, అడిగితే కోప్పడతారన్న భయం ఉండి ఉంటుంది. "మానేయాలని ఉంది కదా, మానేద్దాం నాన్నా, ముందు ఈ మూడూ" అని బయోటిన్, రెడ్ ఈస్ట్ రైస్, పసుపు సారం తీయించండి. గుప్పెడు కొంచెం తగ్గినట్టు ఆయనకీ అనిపిస్తుంది. ఇక ఆ లేబుల్ లేని సీసా. అందులో ఏముందో నాన్నగారికి గుర్తు లేకపోతే ఇక మింగనివ్వకండి, అలాగని పారేయకండి. ఎవరిచ్చారో, ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నారో అడిగి ఒక కాగితం మీద రాసి సీసాకి చుట్టి, గుండె డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మిగతా ఎనిమిదింటితో పాటు తీసుకెళ్లండి.